ఇంటర్న్‌షిప్ పైసలు ఇంటికి పంపకు

మిర్యాలగూడ తమ్ముడు ఒకతను ఉత్తరం రాశాడు. టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. సబ్బులు, షాంపూలు, డైపర్లు తయారుచేసే పెద్ద కంపెనీలో 12 వారాల ఇంటర్న్‌షిప్ వచ్చిందట, వేరే రాష్ట్రానికి పోవాలట. నాలుగు ప్రశ్నలు అడిగాడు. సీపీటీ (చదువుకుంటూనే కంపెనీలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఎట్లా, మీటింగుల్లో ఎట్లా మాట్లాడాలి, చివర్లో పర్మనెంటు ఆఫర్ ఇస్తారా, ఏం బట్టలు కొనుక్కోవాలి. పైసల గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. 2010లో నేనూ అడగలేదు, అందుకే భయమేసి ఇంత పొడుగు జవాబు రాస్తున్నా.

సీపీటీ సంగతి ముందే తేల్చేద్దాం. మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగితే అంతా చెబుతారు. సీపీటీ వివరాలతో కొత్త ఐ-20, అంటే యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి కాగితం, నీ చేతికి వచ్చేదాకా, అందులో రాసిన తేదీ వచ్చేదాకా, పనిలో అడుగు పెట్టకు. "ఉత్త ట్రైనింగే కదా" అని కూడా పోకు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, పోతుంది, నీది మూడు నెలలే కాబట్టి టెన్షన్ వద్దు. మా రోజుల్లో స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల చదువులు) వాళ్లకు ఓపీటీ మీద పొడిగింపు 17 నెలలే ఉండేది, 2016 నుంచి 24 అయింది. మీ బ్యాచ్ వాళ్లకు ఆ ఏడు నెలల విలువ చెప్పినా అర్థం కాదులే.

ఇక నా కథ. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయనకు నాలుగెకరాల బత్తాయి తోట. 2009 ఆగస్టులో నేను విమానం ఎక్కినప్పుడు పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. అది చాలక ఊళ్లో 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెల తిరిగేసరికి 6,000 వడ్డీ. బ్యాంకు అప్పు నన్ను ఎన్నడూ నిద్ర లేపలేదు గాని ఈ రెండు రూపాయల వడ్డీ మాత్రం రాత్రి రెండు గంటలకు లేపి కూర్చోబెట్టేది.

మరుసటి ఎండాకాలం ఇంటర్న్‌షిప్ వచ్చింది. కంపెనీ పేరెందుకులే. సప్లయ్ చెయిన్ విభాగం, అంటే సరుకు ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా చేర్చే పని, గంటకు 20 డాలర్లు. ఫోన్‌లో చెబితే నాయన చాలాసేపు ఆలోచించి, "బీటెక్ చదివి సబ్బుల కంపెనీల ఏం జేస్తవ్ రా?" అన్నాడు. నాకూ లోపల అదే అనుమానం. తరువాత తెలిసింది, ఈ సబ్బుల వ్యాపారం చిన్నది కాదని. ప్రాక్టర్ అండ్ గాంబుల్‌నే చూడు. 1837లో సిన్సినాటిలో కొవ్వొత్తులు చేసే ఒకాయన, సబ్బులు చేసే ఇంకొకాయన కలిసి పెట్టారు. ఇద్దరూ తోడల్లుళ్లు. మామగారు చెప్పాక కలిశారట! ఒక్కో సబ్బుకు దాని మంచిచెడ్డలు చూడడానికి ప్రత్యేకంగా మనుషులుండాలని ఆ కంపెనీలోనే నీల్ మెకెల్‌రాయ్ అనే ఆయన 1931లో మూడు పేజీల కాగితం రాశాడు. ఇప్పుడు ఎంబీఏ పిల్లలు బ్రాండ్ మేనేజ్‌మెంట్ అని చదువుకునేదానికి మొదలు అదే అంటారు. ఇంటర్వ్యూకు ముందు ఇట్లాంటివి చదువుకుంటే మంచిది. నీ ఇంటర్వ్యూ అయిపోయిందిగా, వదిలెయ్.

వేరే ఊరు నుంచి వస్తున్నానని ఇంటి ఖర్చులకు నాకు 2,500 డాలర్లు ఇస్తామన్నారు. మే నెలాఖరులో చెక్కు వచ్చింది. కవరు చించి చూస్తే 1,720. మార్కెట్లో బత్తాయి తూకంలో సూట్ అని తరుగు కోసినట్టు కోశారు. ఇట్లా లెక్కలు అడక్కుండా ఒక్కసారే చేతిలో పెట్టే డబ్బు జీతం కిందికే వస్తుంది, పన్ను కోస్తారు. ఎవరి తప్పూ లేదు, ముందు అడగకపోవడం నా తప్పు. నువ్వు మాత్రం హెచ్‌ఆర్ వాళ్లకు ఈ వారమే మెయిల్ పెట్టు. ఇచ్చేది ఎంత, కోతలు పోగా ఎంత, పని మొదలుకాకముందే వస్తుందా, మొదటి జీతంతో కలిపి ఇస్తారా. ఇది అడిగితే చులకన చేస్తారేమో అనుకోకు. అమెరికా పిల్లలు మొదట అడిగేది అదే.

ఆ 1,720లో 1,500 అదే రోజు ఇంటికి పంపాను. అప్పుడు డాలరు 46 రూపాయలు, అంటే 69,000. నాయన గొంతులో సంబరం విన్నాను. గొప్ప పని చేశాననుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నా. పొద్దున లేచి చూసుకుంటే పాత మిగులుతో కలిపి చేతిలో 380 డాలర్లు ఉన్నాయి.

ఆఫీసుకు నడిచిపోయేంత దగ్గర్లో ఒక గది ఉంది, అద్దె 450, అడ్వాన్స్ ఇంకో 450. నా దగ్గర లేదు. అడ్వాన్స్ అక్కర్లేకుండా 260కి దొరికింది, తొమ్మిది మైళ్ల దూరంలో. అటువైపు బస్సు లేదు. 40 డాలర్లు పెట్టి పాత సైకిల్ కొన్నాను. దేవరకొండలో కాలేజీకి రోజూ సైకిల్ తొక్కినోణ్ని, తొమ్మిది మైళ్లు ఒక లెక్కా అనుకున్నా. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం మంగళవారం పొద్దున చైన్ ఊడింది. 8 గంటలకు మీటింగ్. రోడ్డు పక్కన కూర్చుని చైన్ ఎక్కించుకుని, చెమటతో తడిసి పోయేసరికి 8:20. సబ్బుల కంపెనీ బాత్రూములో, వాళ్ల సొంత సబ్బుతోనే మూడుసార్లు చేతులు కడుక్కున్నా గోళ్ల కింద గ్రీజు పోలేదు. మీటింగ్ అంతా చేతులు టేబుల్ కింద పెట్టుకుని కూర్చున్నా. నాకు తెలిసిన విషయమే వచ్చింది. బోర్డు మీద గీసి చూపిద్దామనిపించింది గాని లేవలేదు.

వాన పడ్డ రోజుల్లో టాక్సీ. ఒక్కసారికి 28 డాలర్లు. ఆ ఎండాకాలంలో ఏడుసార్లు ఎక్కాను, 196 డాలర్లు. మరి ఇంటికి పంపిన 69,000 మీద నాయనకు మిగిలిన వడ్డీ నెలకు 1,380, మూడు నెలలకు 4,140, అంటే సరిగ్గా 90 డాలర్లు. ఈ లెక్క అప్పుడే వేసుకోవాల్సింది. వేసుకున్నది ఆరేళ్ల తరువాత, అదీ మా ఆవిడ వేసి చూపిస్తే.

మధ్యాహ్నం భోజనాల సంగతి ఇంకా ఘోరం. నా టీమ్ వాళ్లు రోజూ బయటికి పోయేవాళ్లు, నన్నూ పిలిచేవాళ్లు. తలకు 12 డాలర్లు అయ్యేది. 552 రూపాయలు! ఆ డబ్బుతో మా ఇంట్లో వారం కూరగాయలు వస్తాయి. "తెచ్చుకున్నా" అని చెప్పి, లారీల్లో సరుకు ఎక్కించే షెడ్డు పక్కన బెంచీ మీద కూర్చుని బ్రెడ్డు, గోంగూర పచ్చడి తినేవాణ్ని. వారం తరువాత వాళ్లు పిలవడం మానేశారు. నాకు సంతోషమేసింది, ఇక అబద్ధం చెప్పే పని లేదని.

ఆరో వారంలో సగం ఇంటర్న్‌షిప్ మీద రివ్యూ పెట్టారు. మా మేనేజరు యాభై ఏళ్లావిడ, ముక్కుసూటి మనిషి. పని ఫర్వాలేదంది. తరువాత, ఈ బిల్డింగులో నిన్ను పేరు పెట్టి పిలవగలిగినవాళ్లు ఎవరెవరున్నారని అడిగింది. ఆలోచించాను. ఆవిడ ఒకరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఇంకొకరు, ఎందుకంటే రోజూ సైకిల్ పెట్టేది ఆయన గది వెనకాలే. మూడో పేరు రాలేదు. ఆవిడ ఒక కాగితం మీద పది పేర్లు రాసి ఇచ్చింది. వీళ్లందరితో తలా అరగంట కాఫీ తాగి రా, ఆఫర్ ఇవ్వాలా వద్దా అని చివర్లో మాట్లాడేటప్పుడు గదిలో నిన్నెరిగినవాళ్లు ఉండాలి అంది.

నువ్వు అడిగిన మీటింగుల ప్రశ్నకూ, ఆఫర్ ప్రశ్నకూ నా దగ్గర ఉన్న జవాబు ఇదే. ఇంగ్లీషు ఒక్కటి బాగుంటే సరిపోదు.

నేను బయటికొచ్చి చేసిన మొదటి పని, పది కాఫీలు ఇంటు 3 డాలర్లు, 30 డాలర్లు, 1,380 రూపాయలు అని నోట్‌బుక్‌లో రాసుకోవడం. నెల వడ్డీలో మిగిలిందనుకున్నదంతా కాఫీలకే పోతుంది కదా అని గుండె కలుక్కుమంది. తీరా పోతే ఎనిమిది మంది వాళ్లే బిల్లు కట్టారు. ఇంటర్న్ చేత కట్టించడం అక్కడ మర్యాద కాదట. ఈ ముక్క ఎవరైనా నాకు జూన్‌లో చెప్పి ఉంటే!

ఆ పది మందిలో రవాణా విభాగం చూసే ఒకాయన ఉన్నాడు. నా ప్రాజెక్టు ఏంటంటే, ఒక రకం షాంపూ సీసా కొన్ని వారాలు గోదాములో గుట్టలుగా ఉండి, కొన్ని వారాలు అసలు దొరక్కుండా పోతోంది, ఎందుకో కనుక్కోవాలి. ఆరు వారాలుగా పెద్ద పెద్ద సూత్రాలు వేస్తున్నా. కాఫీ తాగుతూ మాటల్లో మా మేనమామ కిరాణా దుకాణం గురించి చెప్పాను. నెలాఖరు వచ్చిందంటే ఏజెన్సీ కుర్రాడు మోటార్ సైకిల్ మీద దిగి, "మామా, టార్గెట్ ఉంది, ఇంకో రెండు కేసులు దించుకో, డజనుకు ఒకటి ఫ్రీ ఇస్త" అనేవాడు. మామ దించుకుని, తరువాత రెండు వారాలు వాడి ముఖం కూడా చూసేవాడు కాదు. షాంపూ ప్యాకెట్ల దండలు దూలానికి వేలాడుతూనే ఉండేవి. ఇది విని ఆ రవాణా విభాగం ఆయన పడీపడీ నవ్వాడు. "మా దగ్గర నెలాఖరు కాదు, మూడు నెలలకోసారి" అన్నాడు. పోయి లెక్కలు తీసి చూస్తే మార్చి, జూన్, సెప్టెంబర్ చివరి వారాల్లో ఆర్డర్లు కొండలా లేచి, తరువాత పడిపోతున్నాయి. నా రిపోర్టులో పనికొచ్చిన పేజీ అదొక్కటే. అక్టోబరులో ఆఫర్ వచ్చింది, నా టీమ్ నుంచి కాదు, ఆయన విభాగం నుంచి. ఆ బెంచీ మీదే పన్నెండు వారాలూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

మళ్లీ పైసల దగ్గరికే వస్తున్నా, విసుక్కోకు. మొదటి పే స్లిప్ రాగానే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, ముసలివాళ్ల వైద్యం కోసం కోసే పన్నులు) అనే రెండు లైన్లు చూడు. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థికి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండకూడదు. నాకు కోశారు. 7.65 శాతం, రెండు వారాల 1,600 మీద 122 డాలర్లు. ఆరు పే స్లిప్పులు అట్లానే పోయాయి, నేను చివర్లో ఉన్న మొత్తం తప్ప పై లైన్లు ఎన్నడూ చదవలేదు. సెప్టెంబరులో మా కరీంనగర్ రూమ్మేట్ చూసి నెత్తి కొట్టుకున్నాడు. 734 డాలర్లు! నాయన ఐదు నెలల వడ్డీ! పేరోల్ వాళ్లకు నాలుగు మెయిళ్లు పెడితే డిసెంబరులో తిరిగి ఇచ్చారు. వాళ్లు ఇవ్వకపోతే ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్నుల శాఖకు, ఫారం 843 పెట్టుకోవచ్చు. పన్ను రిటర్న్ వేసేటప్పుడు 1040-ఎన్‌ఆర్ అనే ఫారం వేయాలి. భారత్, అమెరికా ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు, దొరుకుతుంది, ఇంకో దేశం పిల్లలకు మామూలుగా అది ఉండదు. మిగతాది ఐఆర్‌ఎస్ సైట్లో చదువుకో.

ఇప్పుడు డాలరు 80 దాటింది కాబట్టి నీకు ఇంకా ఆశ పుడుతుంది, నాకు తెలుసు. చెక్కు రాగానే ఇంటికి పంపాలని చెయ్యి గుంజుతుంది. రెండు నెలల అద్దె, అడ్వాన్స్, ఆఫీసుకు పోయి వచ్చే ఖర్చు, వారానికి రెండు మధ్యాహ్న భోజనాలు, ఇంత డబ్బు పక్కన పెట్టాక ఏమైనా ఉంటే అప్పుడు పంపు. లేకపోతే మొదటి నెల ఇంటికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను చెప్పలేక చచ్చాను. చివరికి జులైలో, "నాయనా, ఈ నెల పంపలేను" అంటే ఆయన, "నిన్ను ఎవడు అడిగిండు రా? కాయ కోతకొచ్చింది, నేను జూస్కుంట" అన్నాడు. ఆ మాట కోసం నేను ఏడు వారాలు గోంగూర బ్రెడ్డు తిన్నాను.

ఇల్లు చూసేటప్పుడు ముందు మీ ఇంటర్న్‌ల గ్రూపులో అడుగు, ఇద్దరు ముగ్గురు కలిస్తే దగ్గర్లోనే దొరుకుతుంది. గది చూడకుండా, చూపించే మనిషి లేకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపకు.

బట్టల సంగతి మరిచిపోయా. నాలుగు కాలరు చొక్కాలు, రెండు ప్యాంట్లు చాలు, సూటు అక్కర్లేదు. ఫ్యాక్టరీలోకి పోయే రోజు మాత్రం వేళ్ల దగ్గర లోపల ఇనుప రేకు ఉండే బూట్లు కావాలి. అవి నువ్వు కొనకు, ముందు వాళ్లను అడుగు. నేను 85 డాలర్లు పెట్టి కొన్న మరునాడు ఇంటర్న్‌లందరికీ కంపెనీయే ఉచితంగా ఒక జత ఇచ్చింది. నేను కొన్న జత ఇప్పటికీ గ్యారేజీలో ఉంది, మంచు తీసేటప్పుడు వేసుకుంటా.