పాల సీసాలో వేసిన ఆ చుక్కలు

ప్రశ్న: మా నాన్నగారు 1960ల్లో తెనాలిలో ఇంటింటికీ గేదె పాలు పోసేవారు. ఒకరోజు మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ దారిలో ఆపి, డబ్బులిచ్చి పాలు కొని, మూడు సీసాల్లో పోసి, ఏదో మందు చుక్కలు వేశారట. ఒక సీసా నాన్నకే ఇచ్చారట. పాలు చెడగొట్టి కేసు పెట్టడానికే ఆ మందు అని మా నాయనమ్మ చివరిదాకా అనేది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదమ్మా. అది ఫార్మలిన్. ల్యాబ్‌కు చేరేలోపు పాలు విరిగిపోకుండా 25 మి.లీ.కి రెండు చుక్కలు వేయాలని రూలు. నేను తర్వాతి కాలంలో ఒక మున్సిపాలిటీలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను, ఎన్నో సీసాల్లో నా చేత్తోనే వేశాను. మీగడ పైకి తేలుతుంది కాబట్టి ముందు పాలన్నీ బాగా కలపాలి. అలా కలపలేదని కోర్టులో కేసులు పోయేవి. పాలు తీసుకునేటప్పుడు సాక్షి దొరకడమే కష్టం. రేపు పాలు పోయించుకోవలసింది ఆ పాలవాడి దగ్గరే కదా, ఎవరు సంతకం పెడతారు?

మూడు సీసాలు ఎందుకంటే, 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ప్రకారం ఒకటి పబ్లిక్ ఎనలిస్టుకు (ల్యాబ్‌లో పరీక్షించే ప్రభుత్వ అధికారికి), ఒకటి ఇన్‌స్పెక్టర్ దగ్గర, ఒకటి అమ్మినవాళ్లకు. ఎనలిస్టు రిపోర్టు తప్పనిపిస్తే, మీ నాన్నగారు తన సీసాను కోర్టు ద్వారా కలకత్తాలోని సెంట్రల్ ఫుడ్ లేబొరేటరీకి పంపించమని అడగవచ్చు. అక్కడి సర్టిఫికెట్టే చివరి మాట. 1964 సవరణ తర్వాత, కల్తీ రుజువైతే మామూలుగా ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానాకు తక్కువ శిక్ష వేసేవారు కాదు. పాలు పోసుకుని బతికే మనిషికి ఆ సీసా ఎంత విలువైనదో ఆలోచించండి. 1976లో చట్టం మార్చి, అమ్మినవాళ్ల భాగం కూడా లోకల్ హెల్త్ అథారిటీ (స్థానిక ఆరోగ్య అధికారి) దగ్గరే ఉంచారు.

నాకు ఇప్పటికీ బాధనిపించేది ఒకటే. సీసా చేతిలో పెట్టేవారు గానీ, అది ఎందుకో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. మీ నాయనమ్మగారి అనుమానం అందుకే పోలేదు. కొనేవాళ్లకూ అంతే. ఫీజు కట్టి తాము కొన్న సరుకును పరీక్ష చేయించుకునే హక్కు ఆ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో అదే 40వ సెక్షన్. పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. మీ ఇంటి పాల మీద అనుమానం ఉంటే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారిని అడగండి.