ఏఐ వర్క్‌షాపా, కరక్కాయ రంగులా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ రెండో ఏడాది చదువుతోంది. సెలవుల్లో ఏఐ ఆర్ట్ వర్క్‌షాప్‌లో చేరమంటే, శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ సహజ రంగులు నేర్చుకుంటానంటోంది. కాయలూ చెక్కలూ ఉడకబెడితే రేపు ఉద్యోగం వస్తుందా? ఏది మేలు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బొమ్మలన్నీ యంత్రమే వేసేస్తే పిల్ల ఎలా బతుకుతుందన్నది మీ అసలు దిగులు. ఆ దిగులు ఐదు రోజుల కోర్సుతో తీరేది కాదు.

ఏఐ వర్క్‌షాపుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. చాలావాటిలో ప్రాంప్ట్, అంటే ఏం బొమ్మ కావాలో ఏఐకి మాటల్లో చెప్పే వాక్యం, రాయడం, వచ్చినవాటిలో ఒకటి ఏరుకోవడం తప్ప ఇంకేం ఉండదు. ఉత్త ప్రాంప్ట్‌తో వచ్చిన బొమ్మకు కాపీరైట్ దక్కదని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2025 జనవరి నివేదికలో చెప్పేసింది కూడా. డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: పిల్లలు సొంత ఫొటోలతో మోడల్‌కు (బొమ్మలు తయారుచేసే ఏఐ ప్రోగ్రామ్‌కు) శిక్షణ ఇస్తారా? బ్రిటన్ కళాకారిణి ఆనా రిడ్లర్ 2018లో 10,000 తులిప్ పూలను తానే ఫొటో తీసి, ఒక్కోదాని వివరం చేత్తో రాసుకుంది. అసలు పని అదీ.

ఇలా ఫొటోలు తీయడం మీ అమ్మాయి ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. నేరేడు, బాదం, రావి ఆకులు ఓ 150. ఉదయం నీడలో, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ మీద, ఫోన్ ఒకే ఎత్తులో. ఎండలో తీస్తే మోడల్ నీడను కూడా ఆకే అనుకుంటుంది. గుడ్డ మడతలు ఈనెల్లా మొలుస్తాయి. మరీ పది ఇరవై ఫొటోలతో సరిపెడితే, ఇచ్చిన ఆకునే మళ్లీ మళ్లీ తిప్పి ఇస్తుంది.

ఇక మీరు తీసిపారేసిన ఆ కాయల సంగతి. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు ఇనుము తగలగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను అలుక్కుపోనివ్వదు. పాలు తగ్గాయా, కలం గీత పాకిపోతుంది. నల్లరంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో రెండు మూడు వారాలు నానాలి. రెండు రోజుల్లో అంతా నేర్పిస్తామంటే, ఆ నలుపు ఎక్కడిదో అడగండి. ఇంత ఉన్నదాన్ని ఉడకబెట్టడమని కొట్టేయడం తగదమ్మా. పిల్లే సరిగ్గా ఎంచుకుంది.

ఈ సెలవులకు శ్రీకాళహస్తికే పంపండి. టెక్స్‌టైల్ డిజైన్‌లో పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లు తుది బొమ్మతో ఆగరు, ఎలా వచ్చిందని అడుగుతారు. కాబట్టి ప్రతి గుడ్డముక్కనూ నోటుబుక్‌లో అంటించి, పక్కన కొలతలు, తేదీ రాయమనండి. చెడిపోయిన ముక్కల్నీ పారేయొద్దనండి. వచ్చే ఏడాది ఏఐ వర్క్‌షాప్‌కు వెళ్తే, మోడల్‌కు ఇవ్వడానికి వాటి ఫొటోలే పనికొస్తాయి.