సల్ఫనిలమైడ్ చేయబోయే ముందు

తల్లీ,

అసిటనిలైడ్ నుంచి సల్ఫనిలమైడ్ అనే సల్ఫా మందు చేయాలని రాశావు. ఇందులో మూడు మెట్లు; రెండోది, అంటే అమోనియా పోసే మెట్టు దాకా ఒకే రోజులో వెళ్ళగలిగితేనే మొదలుపెట్టు. మధ్యలో వచ్చే సల్ఫొనైల్ క్లోరైడ్‌ని తడిగా రేపటికి ఉంచావంటే నీటితో కలిసి సల్ఫోనిక్ ఆమ్లమైపోతుంది, ఇక అమోనియా పోసినా ఫలితం ఉండదు.

నేరుగా అనిలిన్ ఎందుకు వాడకూడదని అడిగావు. అసిటనిలైడ్ అంటే అసిటైల్ తగిలించిన అనిలినే. అమైన్‌ని కప్పకుండా వదిలితే అది పక్క అణువులోని సల్ఫొనైల్ క్లోరైడ్‌ని పట్టుకుని గొలుసు కడుతుంది. అసిటైల్ దానికి మూత.

తడి లేని ఫ్లాస్కులో 5 గ్రాముల అసిటనిలైడ్ వేడితో కరిగించి, తిప్పుతూ గోడలకు పొరగా పట్టించి చల్లార్చు. పొడిగానే వేస్తే ఆమ్లం తగలగానే ఒక్కసారి వేడెక్కుతుంది. గట్టి పొరైతే నిదానంగా కరుగుతుంది. ఫ్లాస్కుని ఐసులో ఉంచి 12.5 మి.లీ. క్లోరోసల్ఫోనిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పొయ్యి. అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే (పొగలు బయటికి లాగే అర), కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకునే. వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్‌ని గరాటు ద్వారా నీటికి పంపు, కానీ గరాటు నీటిలో మునగకూడదు. మునిగితే నీళ్ళు వెనక్కి పీల్చుకుని ఆమ్లంలో పడతాయి, అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. పొర కరిగాక వేడినీటి తొట్టిపై 15 నిమిషాలు వేడిచేసి, బాగా చల్లార్చు.

తరవాత ఆ మిశ్రమాన్ని 75 గ్రాముల దంచిన ఐసు మీద సన్నధారగా పొయ్యాలి. ఐసునే ఆమ్లంలో వేయొద్దు! తిరుపతి ఎండలకి ఐసు రెండింతలు తెచ్చిపెట్టుకో. విడిపడే సల్ఫొనైల్ క్లోరైడ్ గడ్డల లోపల ఆమ్లం దాక్కుంటుంది, గాజుకడ్డీతో నలిపి, వడకట్టి, చన్నీళ్ళతో కడుగు. ఆమ్లం తగిలిన కొలజాడీని సింకులో పెట్టి కొళాయి తిప్పొద్దు. దాన్నీ ఐసు మీదే వంచు.

రెండో మెట్టు: ఆ గడ్డల మీద వెంటనే 15 మి.లీ. గాఢ అమోనియా పోసి, కలుపుతూ 15 నిమిషాలు మరగనివ్వకుండా వేడిచెయ్యి. ఎండాకాలం అమోనియా సీసాలో ఒత్తిడి ఉంటుంది, ఐసులో చల్లబరిచాకే మూత తియ్యి. చల్లార్చి వడకట్టు. ఇక్కడ ఆగొచ్చు.

మూడో మెట్టు తేలిక. 3.5 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 7 మి.లీ. నీళ్ళతో 40 నిమిషాలు రిఫ్లక్స్, అంటే ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరిచి వెనక్కి దించుతూ మరిగించడం. అసిటైల్ ఊడుతుంది, సల్ఫోనమైడ్ నిలుస్తుంది. మధ్యాహ్నం కొళాయి నీళ్ళే వేడిగా వస్తాయి కాబట్టి కండెన్సర్ పని పొద్దున్నే పెట్టుకో. పెద్ద బీకరులో సోడియం బైకార్బొనేట్ చిటికెడు చిటికెడుగా వేస్తూ నురగ ఆగేదాకా తటస్థం చెయ్యి. తొందరపడి కాస్టిక్ సోడా వేస్తే సల్ఫోనమైడ్ ప్రోటాన్ పోగొట్టుకుని తిరిగి నీళ్ళలో కరిగిపోతుంది.

వేడినీళ్ళలో స్ఫటికీకరించి, ఆరబెట్టి, ద్రవీభవన స్థానం చూడు. 165 డిగ్రీల దగ్గర కరిగితే సల్ఫనిలమైడే. 219 దగ్గరైతే అసిటైల్ ఇంకా ఊడలేదు, మళ్ళీ రిఫ్లక్స్ పెట్టు.