గేజ్‌లు పిల్లర్ మీదా, డాష్ మీదా?

అన్నా, డీజిల్ స్విఫ్ట్‌లో బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), ఆయిల్ ప్రెషర్ చూపించే గేజ్‌లు ముందు అద్దం పక్క పిల్లర్ మీద పెట్టాలా, డాష్‌బోర్డ్ మీదా అని అడిగారు కదా. పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే అసలు ముట్టుకోకండి. బ్యాగ్ తెరుచుకుంటే గేజ్ మీ ముఖం మీదికే వస్తుంది. గుర్తు లేకపోయినా, మలుపులో రోడ్డు దాటేవాళ్లు గేజ్ వెనక మరుగైపోతారు.

నా మాట వింటే డాష్ మధ్యలో, స్టీరింగ్‌కి దగ్గరగా, కిందికి పెట్టండి. ముందు అట్టముక్కని గేజ్ సైజులో, 52 మి.మీ. గుండ్రంగా కత్తిరించి టేపుతో అంటించి రెండు రోజులు నడపండి. తల తిప్పకుండా కనిపిస్తేనే డాష్‌కి రంధ్రం వేయండి. రాత్రి లైటు అద్దంలో మెరుస్తుందేమో గేజ్ బిగించే ముందే వెలిగించి చూసుకోండి.

ఆయిల్ గేజ్ మాత్రం ఎలక్ట్రిక్ సెన్సర్‌దే కొనండి. పైపు రకమైతే వేడి ఆయిల్ క్యాబిన్‌లోకి వస్తుంది, లీకైతే కాళ్ల మీదే.