సూది నీ చేతిలో ఉన్నప్పుడే

బిడ్డా,

దేవరకొండ వైపు పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేరానని నువ్వు ఫోన్ చేసిన రోజు ఇంట్లో అందరికీ పండుగే. కానీ మాటల్లో నువ్వన్న ఒక మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. "చెత్త సంగతి ఆయమ్మ చూసుకుంటది పెద్దమ్మా" అన్నావు.

ఆయమ్మ చూసుకోలేదు బిడ్డా. ఆమె కవర్ మూతి కట్టి మోసుకుపోతుంది, అంతే. లోపల ఏం పడిందో తెలిసేది నీకే.

నేను ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేసినప్పటి సంగతి చెప్తాను. అప్పటికే నాకు పదేళ్ల అనుభవం. ఒక రాత్రి వరుసగా రెండు కాన్పులు. రెండో ఆమెకు కుట్లు వేశాక ఆ సూదిని నెత్తురు గాజుగుడ్డలతో కలిపి పసుపు కవర్‌లో వేసేశాను. తెల్లవారి ఆయమ్మ ఆ కవర్‌ను తొడకు ఆనించి మోస్తుంటే గుచ్చుకుంది. తిడతారేమోనని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలలు పరీక్షలు చేయించుకుంది. ఏమీ కాలేదు గానీ, ఆ ఆరు నెలలూ మనవరాలిని ఎత్తుకోవడానికి కూడా భయపడింది. సూది ఎవరు వేశారని నన్నెవరూ అడగలేదు. నేనేనని నాకు తెలుసు.

అందుకే చెప్తున్నా, వేరు చేసే పని నీ చేతిలోనే అయిపోవాలి. ఒకసారి కలిసిపోయాక మళ్లీ కవర్‌లో చెయ్యి పెట్టి ఏరడం అన్నిటికంటే ప్రమాదం. ఇంజెక్షన్ ఇవ్వగానే సూదికి మళ్లీ టోపీ పెట్టకు. చాలామందికి గుచ్చుకునేది అప్పుడే. సూదిని సిరంజి నుంచి కోసి వేరు చేసే హబ్ కట్టర్ నీ ట్రే పక్కనే ఉండాలి. గది అవతలి మూలన ఉంటే పని ఒత్తిడిలో అంత దూరం ఎవరూ నడవరు. సూది తెల్ల డబ్బాలోకి, సిరంజి గొట్టం ఎర్ర కవర్‌లోకి. కుట్ల సూదులు, బ్లేడ్లు కూడా ఆ గట్టి తెల్ల డబ్బాలోకే.

రంగులు బట్టీ పట్టకు, ఏది ఎక్కడికి పోతుందో తెలుసుకో. పసుపు కవర్ చాలావరకు కాల్చేదానికి పోతుంది. నెత్తురు అంటిన దూది, బ్యాండేజీలు, సిమెంటు కట్లు, కాన్పులో బిడ్డ తర్వాత బయటికొచ్చే మాయ, బ్లడ్ బ్యాగులు, గడువు దాటిన మందులు అందులో వేస్తాం. ఎర్ర కవర్‌లోది ఆవిరిలో ఉడికించి ముక్కలు చేసి మళ్లీ ప్లాస్టిక్‌గా వాడతారు. సెలైన్ గొట్టాలు, గ్లౌజులు, యూరిన్ బ్యాగులు అందులోకి. ఆ గొట్టాన్ని పసుపులో వేస్తే అది కాలి డయాక్సిన్ లాంటి విషపు పొగ అవుతుంది. సూది ఎరుపులో పడితే ఆ ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే ప్లాంటులో పనిచేసే మరో మనిషి చేతికి గుచ్చుకుంటుంది. పగిలిన గాజు, మందు సీసాలు, ఆంప్యూల్స్ నీలం డబ్బాలోకి. 2016 నిబంధనల తర్వాత దేశమంతా ఈ నాలుగు రంగులే.

టీ కప్పులు, బిస్కెట్ కాగితాలు, అట్టపెట్టెలు వీటిలో వేయనివ్వకు. ఆసుపత్రి చెత్తలో నూటికి 85 పాళ్లు మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దానిలో నెత్తురు దూది కలిసిందా, మొత్తం ప్రమాదకరమే.

మాయ విషయంలో ఓపిక పట్టు. తండాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చిన ముసలమ్మలు ఇంటి దగ్గర పూడ్చుకుంటాం, ఇయ్యమని అడుగుతారు. కసురుకోవద్దు, అది వాళ్ల నమ్మకం. దానిలోని నెత్తురుతో రోగాలు అంటుకోవచ్చని, లోతు లేని గుంతలో పెడితే కుక్కలు లాగుతాయని నెమ్మదిగా చెప్పు. ఆ తర్వాత వాళ్ల కళ్ల ముందే పసుపు కవర్‌లో కట్టు. నాకు తెలిసి, చెప్పే తీరు బాగుంటే ఒప్పుకుంటారు.

కవర్ ముప్పావు వంతు నిండగానే మూతి కట్టించు, చేత్తో అదమనివ్వకు. కట్టినదాన్ని మెడ దగ్గర పట్టుకుని ఒంటికి దూరంగా ఎత్తమను. 48 గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో రెండో రోజుకే వాసన భరించలేం. చెత్త తీసుకుపోయే బండి రాకపోతే ఊరుకోకు, మెడికల్ ఆఫీసరుతో ఫోన్ చేయించు. వెనక గుంతలో తగలబెట్టే పాత అలవాటు ఎవరైనా గుర్తుచేస్తే గట్టిగా వద్దను. బుధ, శనివారాల్లో టీకాలకు ఊళ్లకు పోయినప్పుడు కూడా సూదులు, సిరంజీలు, ఖాళీ సీసాలు అన్నీ తిరిగి పీహెచ్‌సీకి రావాలి. స్కూల్ ఆవరణలో ఒక్క సూది మిగిలినా పిల్లల చేతికే దొరుకుతుంది.

నీకే గుచ్చుకుంటే టెన్షన్ పడి వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకు చెప్పు, రాయించు. హెచ్‌ఐవీ మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. అయితే హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అంటుకునేది వెయ్యిలో సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి మాత్రం టీకా వేసుకోని వాళ్లలో నూటికి 6 నుంచి 30 మందికి అంటవచ్చు. దానికి 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా ఉంది. నువ్వు కాలేజీలో వేయించుకున్నావు. మీ ఆయమ్మ వేయించుకుందా? రేపు పోగానే అడుగు. లేకపోతే మొదటి డోసు ఈ వారంలోనే వేయించి, ఆమె కార్డు ఫోటో నాకు పంపు.

నీ పెద్దమ్మ