తడి చాక్‌పీసు బొమ్మలు: కాగితం కాదు, మొన తడపండి

మూడో తరగతి పిల్లలతో తడి చాక్‌పీసు బొమ్మలు వేయిస్తే కాగితం చిరిగిందని, ఆరాక రంగు పొడిపొడిగా రాలిపోయిందని, ఇక మానేయాలా అని అడిగారు. మానేయకండి మేడం. కడప దగ్గర పల్లెబడిలో నాకూ మొదట్లో ఈ రెండూ జరిగాయి.

నోటుబుక్కు కాగితం నీళ్లకు ఆగదు. నల్ల చార్టు తీసుకుని, దాన్ని పొడిగానే ఉంచి, చాక్‌పీసు మొన మాత్రం ముంచండి. పది లెక్కపెట్టేంతసేపు చాలు, గిన్నెలోనే వదిలేస్తే మెత్తబడి విరిగిపోతుంది. పైగా మన ఎండలకు, పిల్లోడు ఏం వేయాలా అని ఆలోచించేలోపే తడిపిన కాగితం ఆరిపోతుంది.

రంగు రాలడానికి కారణం, ఉత్త నీళ్లలో జిగట లేకపోవడం. నీళ్లు ఆవిరైతే మిగిలేది మళ్లీ సుద్దపొడే. నేను మొదట చక్కెర నీళ్లు వాడాను. రంగు బాగానే పట్టింది గానీ, తెల్లారి వచ్చి చూస్తే గోడకు అంటించిన బొమ్మల నిండా చీమలు. అప్పటినుంచి చాక్‌పీసు మొన ముంచేది ఉప్పు వేయని చిక్కటి మజ్జిగలోనే. పాలలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తు జిగురులా పనిచేస్తుంది. ఆరేదాకా కాస్త పులుపు వాసన వస్తుంది, కిటికీ దగ్గర పెట్టండి. గట్టిగా రుద్దితే చేతికి కొంచెం అంటుతుంది గానీ, దానంతట అది రాలదు.

పిల్లలకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. తెల్ల గీత తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనపడదు. సుద్ద రేణువుల సందుల్లో గాలి ఉంటే వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అక్కడ నీళ్లు నిండితే మసకబారుతుంది. ఇది తెలీక పిల్లలు గీసిన చోటే గీసి కాగితం చించుతారు. చెరువులో కొంగను గీసిన ఒక పాప, అది మాయమైందని ఏడ్చింది. కాసేపు చెయ్యి పెట్టకుండా చూడమన్నాను. రెక్క అంచు, తర్వాత మెడ, మెల్లగా తేలాయి. "మేడం, కొంగొచ్చింది!" అని ఆ పాప వేసిన కేకకు పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ రోజు నుంచి, బొమ్మ ఆరేటప్పుడు అందరం చుట్టూ కూర్చుని చూస్తాం. నాకు ఈ క్లాసులో అన్నిటికంటే ఇష్టమైన సమయం అదే.

చార్టులు కొనే వీల్లేకపోతే వరండాలో నాపబండలు ఉంటాయి కదా. ఆ నల్లటి బండ మీద ఉత్త నీళ్లు చాలు, తర్వాత తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మధ్యాహ్నం బండ కాలుతుంది కాబట్టి ప్రార్థన అయిన వెంటనే పెట్టుకోండి.