ఉడత వేటకి .32నా, .36నా, లేక ఉన్న .50తోనే సర్దుకోవాలా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గర ఉంటామండి, గ్రీన్ కార్డ్ వచ్చేసింది. మా పక్కింటి పెద్దాయన ఎప్పట్నుంచో మజిల్‌లోడర్‌తోనే (తుపాకీ మందూ గుండూ గొట్టం మూతిలోంచి దట్టించి కాల్చే తుపాకీ) ఉడతలు కొడతాడంట, ఈసారి నన్నూ రమ్మన్నాడు. సొంతంగా ఒకటి కొనుక్కుందామని షాప్‌కెళ్తే అక్కడ ఎటు చూసినా .50లే (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం). ఎలాగూ ఈ ఊళ్ళోనే ఉన్నాం కదా, హాకెన్ మోడల్ .50 తీసేసుకుంటే రేపు డీర్‌కి కూడా పనికొస్తుందని నా ఆలోచన. ఆయనేమో .36 తీసుకో అంటాడు, ఆన్‌లైన్‌లో చూస్తే అందరూ .32 అంటున్నారు. ఏది కొనాలి? మా ఆవిడ వేరే, రాముడు వీపు నిమిరిన ఉడతని కొడతావా అని మాట్లాడ్డం మానేసింది.

జవాబు: మీ ఆవిడ సంగతి మా చేతుల్లో లేదండి, మిస్సోరీలో కొట్టే గ్రే ఉడతకీ ఫాక్స్ ఉడతకీ వీపు మీద మూడు గీతలుండవని మాత్రం చెప్పి చూడండి.

ఇక హాకెన్. జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు మీ ఊళ్ళోనే షాపు పెట్టుకుని చేసిన రైఫిళ్ళే అవి, మోజు పడ్డంలో తప్పేం లేదు. కానీ వాటిని పట్టుకుపోయింది రాకీ పర్వతాల్లో తిరిగే వేటగాళ్ళు, వాళ్ళకి ఎదురయ్యేవి ఎలుగుబంట్లు, బైసన్లు. అందుకే అంత లావు గొట్టం. గ్రే ఉడతేమో అర కేజీ పైచిలుకు, ఫాక్స్ ఉడత బాగా బలిస్తే కేజీ. .50లో వేసే .490 గుండు దాదాపు 177 గ్రెయిన్లు (పదకొండు గ్రాముల పైన) ఉంటుంది, అది ఒంట్లో తగిలితే ఇక కూర వండుకోడానికి ఏం మిగలదు. తలకి మాత్రమే కొట్టగలను అనుకుంటే తక్కువ మందుతో .50 కూడా నడుస్తుంది, పాతకాపులు కొంతమంది అలాగే లాగించేస్తారు, కానీ కొత్తగా మొదలుపెట్టే మీకు నేనైతే చెప్పను.

.32 గుండు 45 గ్రెయిన్లే. చిన్న వేటకి అందరూ వాడే మామూలు .22 రిమ్‌ఫైర్ బుల్లెట్ 40 గ్రెయిన్లుంటుంది కాబట్టి ఉడతకి ఇది సరిగ్గా సరిపోయే సైజు, మందు కూడా 3ఎఫ్ (సన్న రకం) బ్లాక్ పౌడర్ 20 గ్రెయిన్లేస్తే చాలు. పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే ఒక్క డబ్బాతో 350 షాట్లు, పౌండు సీసంతో 150కి పైనే గుండ్లు. ఖర్చు మాటకొస్తే దీన్ని కొట్టేది లేదు, చప్పుడు తక్కువ, భుజానికి తన్నడం కూడా దాదాపు ఉండదు. మరి అందరూ ఇదే కొనొచ్చుగా అంటే, గొట్టం సన్నగా ఉంటే మసి తొందరగా పట్టేస్తుంది, కొన్ని షాట్లకే గుండు దిగనని మొరాయిస్తుంది, పైగా రామ్‌రాడ్ (గుండుని లోపలికి దించే కడ్డీ) పుల్లలా ఉంటుంది, కొత్తవాళ్ళు పైన పట్టుకుని ఒక్కసారిగా తోసి విరగ్గొట్టుకుంటారు. రాడ్‌ని గొట్టం మూతికి దగ్గరగా పట్టుకుని కొంచెం కొంచెంగా దించాలి. ఇంకోటి, చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు ఆ బుల్లి గుండుని ప్యాచ్ (గుండుకి చుట్టే గుడ్డముక్క) మీద పెట్టడం పెద్ద తలనొప్పి, ఆకుల్లో పడిందంటే ఇక దొరకదు.

కాబట్టి నా ఓటు మీ పక్కింటాయనకే, .36. గుండు .350, బరువు 65 గ్రెయిన్ల దాకా, మందు 20 నుంచి 30 గ్రెయిన్ల మధ్య ఎక్కడో మీ రైఫిల్‌కి నచ్చే కొలత ఉంటుంది, అది టార్గెట్ మీద కొట్టి తేల్చుకోవాల్సిందే, పుస్తకాల్లో దొరకదు. గాలికి .32 కంటే కాస్త నిలబడుతుంది, క్లీనింగ్ సుఖం, కుందేలుకీ బాగుంటుంది. .32 దొరికినంత తేలిగ్గా షాపుల్లో దొరకదు, అదొక్కటే లోటు. ట్రెడిషన్స్ వాళ్ళ క్రోకెట్ లాంటి .32 మంచి రేటుకి దొరికి, మీకు ఓపిక ఉందనుకుంటే వదులుకోకండి.

డీర్‌కీ ఉడతకీ ఒకటే గన్ అంటారా, మిస్సోరీలో డీర్‌కి మజిల్‌లోడర్ కనీసం .40 ఉండాలి. రూల్ ప్రకారం .40 ఓకే గానీ 90 గ్రెయిన్ల గుండుతో డీర్‌ని కొట్టడం నాకు నచ్చదు. ఒకటే కొంటాను అంటే .45 తీసుకోండి, ఉడతకి పాతిక ముప్పై గ్రెయిన్ల మందేసి తలకే గురిపెట్టండి. షాపువాడు కొత్తరకం ఇన్‌లైన్ .50 చూపిస్తాడు, వాటిలో గొట్టం లోపలి గాడుల మెలిక చాలామటుకు 28 అంగుళాలకి ఒక చుట్టు, అది పొడుగు బుల్లెట్లకి చేసింది, ప్యాచ్ చుట్టిన గుండ్రటి గుండుకి అంతగా నప్పదు.

జాగ్రత్తల్లో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు) చిటికెడు కూడా వెయ్యొద్దు, గొట్టం పేలిపోతుంది. మందు డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి ఒంపకండి, లోపల నిప్పురవ్వ ఉండొచ్చు, మెజర్‌లో (కొలత గొట్టంలో) పోసుకుని వెయ్యండి. గుండు మందుని ఆనుకునేదాకా దిగిందో లేదో తెలియడానికి రామ్‌రాడ్ మీద గీత పెట్టుకోండి. పేలకపోతే గొట్టం గురివైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. ఉడత కొమ్మ చివర ఆకాశంలోకి ఉంటే వదిలెయ్యండి, మాను మీదకి వచ్చేదాకా ఆగండి, ఎందుకంటే తప్పిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఇంటికొచ్చిన రోజే వేణ్ణీళ్ళూ సబ్బుతో కడిగి ఆరబెట్టి నూనె రాయండి, బ్లాక్ పౌడర్ మసి తేమని లాగేసి తుప్పు పట్టిస్తుంది. 1967 జనవరి 1 తర్వాత పుట్టారు కాబట్టి (అనుకుంటున్నా) హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ సంగతి ముందే చూసుకోండి, ఉడత సీజన్ మే నెలాఖరుకే మొదలవుతుంది.

ప్రశ్న: హెచ్1బీలో ఉన్నా, న్యూజెర్సీ. మజిల్‌లోడర్‌కి రూల్స్ ఉండవంటున్నారు, నిజమేనా?

జవాబు: సగమే నిజం. ఫెడరల్ చట్టం మీలాంటి వీసా వాళ్ళకి తుపాకీ ఉండకూడదంటుంది, రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. విడి మందుతో కాల్చే మజిల్‌లోడర్‌ని చాలావరకు ఆ చట్టం తుపాకీ లెక్కలోకి తీసుకోదు. కానీ మీ న్యూజెర్సీ దాన్నీ మామూలు తుపాకీలాగే చూస్తుంది. స్నేహితుల మాట మీద కొనకండి, ముందు లాయర్‌ని అడగండి, స్టేటస్ పోతే మళ్ళీ రాదు.

ప్రశ్న: ఖమ్మం జిల్లా. మా తాతగారి నాటు తుపాకీ అటక మీద ఉంది, మందు దట్టిస్తే ఇంకా పేలుతుందంటారు. చెవులపిల్లికి ఏ సైజు రవ్వలు బాగుంటాయి?

జవాబు: ఏ సైజూ బాగోదండి. 1972 వన్యప్రాణి చట్టం కింద చెవులపిల్లిని కొట్టడం నేరం, పొలం మీదా అంతే, అడవిలోనూ అంతే. తుపాకీ సంగతి ఇంకోటి, తాతగారికి లైసెన్స్ ఉన్నా అది ఆయన పేరుతోనే పోయింది, ఇప్పుడు మీ ఇంట్లో ఉంచుకోవడమే ఆయుధాల చట్టం కింద కేసు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, ఉంచుకోవాలని ఉంటే మీ పేరు మీద అప్లికేషన్ పెట్టుకోండి. ఈలోగా లోపల పాత మందు ఉందేమోనని మీరే పుల్ల పెట్టి గెలికి చూడకండి.